రెండున్నాయి, ఒకటి చాలు

చిన్నోడి వీపు ఇంకా కనిపిస్తూనే ఉంది, అంతవరకు నయం. చొక్కా వెనక, నడుముకి కాస్త పైన, వెన్నెముకకి అటూ ఇటూ ఎర్రగా రెండు కిడ్నీల బొమ్మలు. ఇవాళ సైకిలెక్కిన ప్రతివాడి వీపు మీదా అవే బొమ్మలున్నాయి గానీ అతను చూస్తున్నది మాత్రం ఒక్క చిన్నోడి వీపునే. మిగతావాళ్లవి వట్టి రంగు ముద్రలు. చిన్నోడి చొక్కా కింద, చర్మం కింద, సరిగ్గా ఆ బొమ్మలున్న చోటే, నిజమైనవి రెండూ నిక్షేపంలా పని చేసుకుంటున్నాయి, అందులో ఒకటి తన భార్యకి కుదిరింది. కుదిరిందని ఆసుపత్రివాళ్లే తేల్చారు. కుదిరినవాడు ముందు హాయిగా తొక్కుకుంటూ పోతున్నాడు, కుదరనివాడు వెనకాల రొప్పుకుంటూ పడుతున్నాడు. ఎడమదా, కుడిదా? మామూలుగా ఎడమదే తీస్తారని ఆసుపత్రి గోడ మీద ఎక్కడో చదివాడు. అందుకని ఎడమ బొమ్మ మీదే చూపు పెట్టి తొక్కుతున్నాడు. అది ఈ గుంపులో తప్పిపోతే మళ్లీ దొరకదని అతని భయం.

చిన్నోడంటే చిన్నవాడేం కాదు, పెళ్లయి ఒక కూతురున్నవాడు, ఆఫీసులో పదిమంది మీద అజమాయిషీ చేసేవాడు. భార్యకి తమ్ముడు కాబట్టి ఆమె నోట ఎప్పుడో పడ్డ పిలుపు అలాగే ఉండిపోయింది. వాడి సైకిలు సన్నగా, తేలిగ్గా ఉంటుంది, చప్పుడే చెయ్యదు. అతనిది అద్దె సైకిలు. దానికి ముందొక బుట్ట, ఒక గంట. రోడ్డు మీద చిన్న గుంత వచ్చినా గంట దానంతటదే ఖంగుమంటోంది, ముందున్నవాళ్లు ఉలిక్కిపడి పక్కకి జరుగుతున్నారు, వెనక్కి తిరిగి చూసి, పెద్దమనిషి కదా అని జాలిగా నవ్వి, ‘భలే సార్, భలే’ అంటున్నారు. భలే ఏమిటి భలే, మీ మొహం. వయసైనవాడు సైకిలెక్కితే చప్పట్లు కొట్టేవాళ్లని చూస్తే అతనికి ఒళ్లుమంట. మోకాళ్లు మొదటి మలుపులోనే మొరాయించాయి. సీటు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ముందు పోతున్న వ్యాన్ మీంచి ఒకమ్మాయి మైకులో ‘రెండున్నాయి!’ అని అరుస్తోంది, రోడ్డు పొడుగునా గొంతులన్నీ ‘ఒకటి చాలు!’ అని బదులిస్తున్నాయి. కిడ్నీ రోగుల కోసం ఏటా జరిగే ఈ సైకిల్ సవారీకి ఏడాదికో నినాదం. ఈ ఏడాదిది ఎవరు రాశారో తెలుసా? చిన్నోడే. ‘మా తమ్ముడి బుర్రే బుర్ర’ అని ఆమె ఫోన్ చూపించి మురిసిపోయింది. రెండున్నాయి, ఒకటి చాలు. ఎవరికి చాలురా? రెండూ పాడైపోయిన మనిషి మా ఇంట్లో ఉంది, ఆమె సంగతేమిటి? ఇందాక అందరితోపాటు చిన్నోడు కూడా చెయ్యెత్తి మరీ అరిచాడు. అరిచేటప్పుడు నాలుక కరుచుకుపోదేం, అనుకున్నాడు అతను. అనుకుని, గాలి కోసం నోరు తెరిచాడు.

మలుపు దగ్గర బల్ల వేసి నీళ్ల సీసాలు పేర్చారు. పచ్చ టోపీలు పెట్టుకున్న పిల్లలు రోడ్డుకి అడ్డంగా వచ్చి చేతుల్లో పెడుతున్నారు, ‘తాగండి అంకుల్, బాగా తాగండి, కిడ్నీలకి మంచిది.’ సీసా చేతిలోకి వచ్చేసింది, చల్లగా, బరువుగా. మూత తియ్యబోయి ఆగాడు. ఇంట్లో ఆమెకి రోజుకిన్ని నీళ్లని లెక్క. పొద్దున్నే ఒక చిన్న సీసాలో పోసి పెడతాడు, అందులోనే మందులు మింగాలి, అందులోనే నోరు తడుపుకోవాలి, రాత్రి పడుకునేదాకా అదే. మరీ తట్టుకోలేకపోతే ఒక మంచు ముక్క నాలుక మీద పెట్టుకుని, అది కరిగిపోతుందేమోనని మాట్లాడకుండా కూర్చుంటుంది. టీవీలో ఎక్కడో జలపాతం చూపిస్తుంటే, ‘ఆ చప్పుడు తగ్గించండి’ అంది ఒకసారి, మామూలుగానే అంది. ఆ రోజు నుంచి అతను ఆమె ముందు గ్లాసెత్తి నీళ్లు తాగలేదు. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని దొంగలా తాగుతాడు. గుటక వినిపించకుండా కుళాయి తిప్పుతాడు. కుళాయి తిప్పినా ఆమెకి వినిపించేది నీళ్ల చప్పుడే కదా అని చాలా రోజులకి గానీ తట్టలేదు, తట్టాక బాత్రూం గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ముందు చిన్నోడు ఆగకుండానే సైకిలుకున్న సీసా గొట్టంలోంచి నీళ్లు పీల్చి, మొహం మీద చల్లుకుని, మిగిలింది పుక్కిలించి రోడ్డు పక్కన ఉమ్మేశాడు. ఆ పుక్కిటి నీళ్లతో ఆమెకి ఒక సాయంత్రం గడిచేది. అతను సీసా మూత తీసి గటగటా తాగాడు. గొంతు ఎండిపోయి ఉంది మరి, కోపం వల్ల దాహం ఆగదు.

సైకిల్ సవారీకి తను కూడా పేరిచ్చానని చెప్పినప్పుడు ఆమె ముందు నమ్మలేదు. ‘మీరా? సైకిలా?’ అని నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చి, దగ్గులో కూడా నవ్వి, చివరికి మంచం అంచు పట్టుకుని ఆయాసపడింది. ఆమె అంతలా నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వు కోసమైనా తొక్కొచ్చు అనుకున్నాడు అప్పుడు. ఇవాళ పొద్దున చొక్కాకి నంబరు కాగితం ఆమే పిన్నులు పెట్టి కుట్టినంత గట్టిగా తగిలించింది, ఎడమ చేతి మీద డయాలసిస్ సూదుల మచ్చలు పొంగి ఉన్న చోట బట్ట రాసుకోకుండా మోచెయ్యి ఎత్తి పట్టుకుని. డయాలసిస్ కోసం నరాలు కలిపి కుట్టిన ఆ చేతి మీద చెవి పెడితే లోపల రక్తం హోరున పరిగెడుతూ ఉంటుంది, మొదట్లో ఆ హోరుకి భయమేసేది, తర్వాత అదే ధైర్యమైంది, పక్కన పడుకుని ఆ చేతి మీద అరచెయ్యి వేసి హోరు ఉందా లేదా చూసుకుని గానీ నిద్రపోడు. ‘చిన్నోడి పక్కనే ఉండండి, వాడు చూసుకుంటాడు మిమ్మల్ని’ అంది పిన్ను పెడుతూ. అలాగే అన్నాడు. చిన్నోడి పక్కనే ఉండాలనే కదా ఈ తిప్పలన్నీ. వాడు ఒంటరిగా దొరికితే కదా! ఇంటికొస్తే భార్యనీ, పిల్లనీ వెంటేసుకుని వస్తాడు, వచ్చి అక్క మంచం పక్కనే కూర్చుంటాడు, అతను వంటింట్లోకి పిలిస్తే పిల్లని ఎత్తుకుని మరీ వస్తాడు. ఫోన్ చేస్తే ‘మీటింగులో ఉన్నా బావా’. వాడి మీటింగులు తెల్లారి మొదలై పొద్దుగూకినా తెమలవు. రోడ్డు మీదైతే ఎక్కడికి పోతాడు, సైకిలు మీద పిల్లని అడ్డం పెట్టుకోలేడు కదా. అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. అది అడిగి, వాణ్ణి ఒప్పించి, రేపే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంతకుమించి అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

మ్యాచ్ అవ్వలేదు బావా. అలాగే అన్నాడు చిన్నోడు, చలికాలం మొదట్లో, గుమ్మంలో చెప్పులు విప్పకుండానే. ఆమె లోపల్నుంచి ‘పోన్లేరా, నువ్వేం చేస్తావ్’ అంది. అతను కూడా నమ్మాడు. నమ్మకేం చేస్తాడు, ‘మ్యాచ్’ అన్న మాట మీదే కదా అతని బతుకు. పెయింట్ల షాపులో రంగులు కలుపుతాడు. ఎవరో ఒకరు గోడ పెచ్చు ఒకటి కాగితంలో పొట్లం కట్టి తెస్తారు, సరిగ్గా ఇదే రంగు కావాలంటారు, అతను తెల్ల డబ్బా మూత తీసి, మిషన్ కింద పెట్టి, పసుపు ఒక చుక్క, నలుపు అర చుక్క, కలిపి, అట్ట మీద గీసి, ఆరబెట్టి, పెచ్చు పక్కన పెట్టి చూస్తాడు. తడి మీద సరిపోయిన రంగు ఆరాక సరిపోదు. షాపులో సరిపోయింది ఎండలో సరిపోదు. కొన్ని ఎంత తంటాలు పడ్డా మ్యాచ్ అవ్వవు, ఆ మాటే చెబితే వచ్చినవాళ్లు కూడా తలూపి వెళ్లిపోతారు. గోడకే అలా ఉంటే మనిషికి ఉండదా అని సరిపెట్టుకున్నాడు, చిన్నోడి మీద జాలి కూడా పడ్డాడు, పాపం ఇద్దామని ముందుకొచ్చి ఇవ్వలేకపోయాడే అని. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు కడుపు రగిలిపోతుంది. నెల తిరగకుండానే ఆసుపత్రి నుంచి ఫోన్. కొత్తగా చేరిన అమ్మాయి, గొంతులో ఇంకా భయం పోలేదు. ‘సార్, మీ బావమరిది గారు రెండో విడత పరీక్షలకి రానేలేదండీ. మొదటివి చక్కగా మ్యాచ్ అయ్యాయి కదా, డేట్ మార్చమంటారా?’ అతను షాపులో నిలబడి ఉన్నాడు, మిషన్‌లో డబ్బా గడగడా ఊగుతోంది. ‘మళ్లీ చెప్పమ్మా’ అన్నాడు. అప్పుడు ఆ అమ్మాయికి నోరు జారానని తెలిసింది కాబోలు, నీళ్లు నమిలి, పెట్టేసింది. తర్వాత తనే ఫోన్ చేస్తే ఆ వివరాలు చెప్పకూడదండీ అంది ఇంకెవరో. చెప్పకూడనిది చెప్పేశారు, చెప్పాల్సినవాడు చెప్పలేదు. ఆ రోజు కలిపిన రంగు మరీ నల్లబడిపోయి, యజమానితో చీవాట్లు తిన్నాడు.

ఆమెకి చెప్పలేదు. ఎలా చెబుతాడు? తమ్ముడంటే ఆమెకి ప్రాణం, ఆ మాట మాటవరసకి అనేది కాదు. పిల్లలు లేని ఇల్లు. తల్లి పోయాక చిన్నోడు నిక్కర్లతో వాళ్ల ఇంటికి వచ్చాడు, కాలేజీ అయ్యేదాకా అక్కడే ఉన్నాడు, ముందు గదిలో నేల మీద పరుపు వాడిదే. అన్నం కలిపి పెట్టింది ఆమె, చొక్కా గుండీలు కుట్టింది ఆమె. సైకిలు నేర్పింది మాత్రం అతనే, సాయంత్రాలు షాపు నుంచి వచ్చి వీధి చివరిదాకా సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. ‘వదలకు బావా, వదలకు బావా’ అని వాడు ఒకటే ఏడుపు. పిరికి సన్నాసి. బడిలో సూదులేస్తారని తెలిసిన రోజు మంచం కింద దూరి, గోడకి కరుచుకుపోయి, ఎంత లాగినా రాలేదు. చివరికి ఆమె సూదులేసేవాళ్లకి ఎదురెళ్లి, వాడికి అక్కడే వేయించేశామండీ, ఊళ్లో, అని కళ్లార్పకుండా అబద్ధం చెప్పి వచ్చింది. వచ్చి వాణ్ణి మంచం కిందనుంచి బయటికి తీసి, ముక్కు తుడిచింది. ‘ఇలాగైతే వాడు ఎందుకూ పనికిరాకుండా పోతాడు’ అని అతను కసిరితే, ‘పోతే పోనివ్వండి, భయపడుతున్నాడు కదా’ అంది. అలాంటి తమ్ముడు తనకి ఇవ్వగలిగీ ఇవ్వలేదని తెలిస్తే తట్టుకుంటుందా? సూదుల వల్ల పోని మనిషి ఈ మాట వల్ల పోతుంది. అందుకే ఆ మాట తన కడుపులోనే పెట్టుకున్నాడు. చిన్నోడి ఫోటోలు చూపిస్తే చూశాడు, ‘నా కోసమే తొక్కుతున్నాడండీ పిచ్చి సన్నాసి’ అని ఆమె కళ్లు తుడుచుకుంటే పక్కకి తిరిగి, ‘అవునవును’ అన్నాడు. ఆ రెండు అవునుల్ని నోట్లోంచి బయటికి తెచ్చేసరికి అతనికి తల ప్రాణం తోకకి వచ్చేది.

ఎండ మెడ మీద పడుతోంది. ముందు వరసలో ఎవరి సైకిలుకో గాలి పోయింది, పక్కకి ఆగారు, చిన్నోడు కూడా వేగం తగ్గించి ఏదో సలహా చెప్పి మళ్లీ కదిలాడు. అందరికీ సాయమే. ఎవరికి రక్తం కావాలన్నా వాడి ఫోనే మోగుతుంది. సైకిలు తొక్కి, తెలిసినవాళ్లందర్నీ పీడించి, పోయినేడు ఆసుపత్రికి కొత్త డయాలసిస్ మిషన్ తెప్పించింది కూడా వాడూ, వాడి స్నేహితులూ. వారానికి మూడుసార్లు ఆమె పడుకునేది ఆ మిషన్ పక్కనే. ఆమె రక్తం గొట్టాల్లోంచి దానిలోకి వెళ్లి కడిగించుకుని తిరిగొస్తుంటే, అతను ఎదురుగా స్టూలు మీద కూర్చుని దాని తెర మీది అంకెలు చూస్తూ, ఇది చిన్నోడు తెప్పించింది, ఇది ఆగితే ఈమె ఆగుతుంది అనుకుంటాడు. వాణ్ణి నోరారా తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు వెధవ. ఊరందరికీ ఇన్ని చేసేవాడు ఆ ఒక్కటీ చెయ్యకపోవడమేమిటి? అదేదో పెద్ద బస్తా మోస్తానని, మొయ్యాల్సిన చిన్న సంచి గుమ్మంలో వదిలేసి పోయినట్టు. చిన్న సంచా? కాదులే. ఒళ్లు కోయించుకోవడం. అయినా తనైతే? తనైతే ఆ రోజే బల్ల ఎక్కి పడుకునేవాడు. పడుకుంటానన్నాడు కూడా. డాక్టరు కాగితాలు చూసి, కళ్లజోడు తీసి, ‘మీకు షుగరుంది కదండీ, మీవి మీకే సరిపోతే గొప్ప’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు అతను. ఇన్నేళ్లు కాపురం చేసి, ఆమెకి ఇవ్వడానికి ఒంట్లో పనికొచ్చేది ఒక్కటీ లేదని తేలింది. ఇస్తానన్నవాడిది అక్కరకి రాదు, అక్కరకి వచ్చేవాడు ఇవ్వడు. ఇలాంటి పంపకం చేసినవాడెవడో గానీ, వాడికి మాత్రం బాగా నవ్వులాటగా ఉండి ఉంటుంది.

వంతెన వచ్చింది. కిందనుంచి చూస్తే వంతెనలా లేదు, గోడలా ఉంది. కుర్రవాళ్లు సీటు మీంచి లేచి నిలబడి ఎక్కేస్తున్నారు, అతని సైకిలు మాత్రం ముందుకి పోవాలా వెనక్కి పోవాలా అని ఆలోచిస్తోంది. ఎడమ బొమ్మ దూరమైపోతోంది. అయిపోయింది, ఇక దొరకడు, పైనుంచి దిగితే చివరి గీత వచ్చేస్తుంది, అక్కడ ఫోటోలు, పిల్ల, భార్య, మీటింగులు. పళ్లు బిగించి తొక్కాడు. కళ్లలోకి చెమట దిగి మండింది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఇక్కడే పడిపోతే ఆమెకి కబురు ఎవరు చెబుతారు, నీళ్ల సీసా ఎవరు కొలిచి పోస్తారు అని ఒక ఆలోచన వచ్చి వెళ్లింది. అంతలో వీపు మీద ఒక చెయ్యి పడింది. సైకిలు తేలికైపోయింది. చిన్నోడు. ఎప్పుడు వెనక్కి వచ్చాడో, పక్కన తొక్కుతూ, ఒక చేత్తో తన సైకిలు పట్టుకుని, రెండో అరచెయ్యి బావ నడుము మీద ఆనించి పైకి నెడుతున్నాడు. ‘మెల్లిగా బావా, నేనున్నాగా. నువ్వు కాళ్లు ఆడించు చాలు.’ ఆ చెయ్యి వెచ్చగా ఉంది. సరిగ్గా కిడ్నీ బొమ్మ మీదే ఉంది. పనికిరాని కిడ్నీ మీద. ఏడుపు వచ్చినంత పనైంది, ఆ ఏడుపు మీద మళ్లీ కోపం. ఇంత మంచి చెయ్యి రా నీది. ఇంత మంచి చెయ్యి పెట్టుకుని.

‘రెండో పరీక్షకి ఎందుకు వెళ్లలేదురా?’

అంత సేపూ ఎన్ని రకాలుగానో కూర్చుకున్న ప్రశ్న, చివరికి గస మధ్యలో ముక్కలుగా వచ్చింది. వీపు మీది చెయ్యి ఆగింది. తియ్యలేదు, నెట్టడం ఆపింది, అంతే. సైకిలు మళ్లీ బరువెక్కింది. చిన్నోడి మొహంలోకి చూశాడు. తప్పు చేసి దొరికినవాడి మొహం కోసం చూశాడు, దాని మీద ఉమ్ముదామనే చూశాడు. కానీ అక్కడ ఉన్నది అది కాదు. ఏదో బరువు దించుకోబోతున్నవాడిలా వాడి పెదవులు వదులయ్యాయి.

‘అక్క చెప్పేసిందా?’ అన్నాడు చిన్నోడు.

ఏమిటి? ఏమన్నాడు? అక్క చెప్పడమేమిటి? గంట ఖంగుమంది. ఎవరో పక్కనుంచి ‘సార్, ఎడమకి, ఎడమకి’ అంటున్నారు. చిన్నోడికి బావ కళ్లు చూడగానే అర్థమైపోయింది, చెయ్యి చటుక్కున తీసేసుకున్నాడు, ‘బావా, అది కాదు బావా, నేను వెళ్దామనే’ అంటున్నాడు, వంతెన పైకి వచ్చేసింది, నేల చదునైంది, ఒక్క క్షణం రెండు సైకిళ్లూ పక్కపక్కన నిలబడ్డట్టే ఉన్నాయి, ఆ తర్వాత వాలు. అతను బ్రేకు పట్టలేదు. పట్టాలని తోచలేదు. అక్క చెప్పేసిందా. అంటే అక్కకి తెలుసు. తెలిసే, ఆ రోజు గుమ్మంలో వాడు మ్యాచ్ అవ్వలేదు అన్నప్పుడు, లోపల్నుంచి ‘పోన్లేరా’ అంది. ఎంత చప్పున అంది! వాడి నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే అంది. తను అది ఆమె మంచితనం అనుకున్నాడు. పాఠం ముందే చదువుకున్నవాళ్లు ఇచ్చే జవాబులా ఉందని అప్పుడెందుకు తట్టలేదు? తను నోరు మూసుకుని ఆమెని కాపాడుతున్నాననుకున్నాడు. పక్కన పడుకుని, ఆ చేతి మీద అరచెయ్యి వేసి, నీకు తెలియనివ్వనులే అని ప్రతి రాత్రీ లోలోపల ఒట్టేసుకున్నాడు. ఆమె ఆ చీకట్లోనే, ఆ చేతి కిందే, మీకు తెలియనివ్వనులే అనుకుంటూ పడుకుంది. ఫోటోలు చూపించి కళ్లు తుడుచుకుంది. ‘నా కోసమే తొక్కుతున్నాడు’ అంది. అతను అవునవును అంటుంటే, అమ్మయ్య, నమ్మాడు అనుకుని ఉంటుంది. ఇద్దరూ కలిసి తనని ఎంత బాగా వెధవని చేశారు. కట్టుకున్నవాడు తను, నీళ్లు కొలిచి పోసేవాడు తను, బాత్రూంలో దొంగ గుటకలు వేసేవాడు తను. ఆమె ఉండాలా పోవాలా అన్న సంగతి మాత్రం అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుని తేల్చేసుకున్నారు. చిన్నోడి మీద అంతకాలం పెంచుకున్న కోపం ఒక్కసారిగా ఇటు తిరిగింది, ఆమె వైపు. చావబోయేది నువ్వొక్కదానివే అనుకున్నావా? గాలి చెవుల్లో ఈలేస్తోంది, సైకిలు వాలు మీద పడి పోతోంది, ఎవరో చప్పట్లు కొడుతున్నారు, ‘అంకుల్ సూపర్!’ అంటున్నారు, అతను ఏడుస్తున్నాడో లేదో అతనికే తెలియదు, గాలికి కళ్లలోంచి నీళ్లు వస్తాయి కదా ఎవరికైనా.

చివరి గీత దగ్గర ఎవరో మెడలో పతకం వేశారు, ఎవరో సైకిలు పట్టుకున్నారు. కాళ్లు నేల మీద ఆనినా ఇంకా తొక్కుతున్నట్టే ఉంది. పక్కన టెంటు కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీల్లో రోగులని కూర్చోబెట్టారు, ఈ సవారీ జరిపించే ఫౌండేషన్ వాళ్లే వ్యాన్‌లో తీసుకొచ్చి అతిథులని పేరు పెట్టారు, అందరికీ ఒకే రకం పసుప్పచ్చ టోపీలు. ఆ టోపీ ఆమెకి పెద్దదై కనుబొమల మీదికి జారింది. అతన్ని చూడగానే నవ్వి రెండు చేతులూ ఎత్తింది. దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. టోపీ వెనక్కి నెట్టుకుని అతని మొహం చూసింది, తర్వాత అతని వెనక, గుంపులోకి చూసింది.

‘వాణ్ణేమన్నారు?’

అలిసిపోయారా అని కాదు, నీళ్లు తాగారా అని కాదు. అతనికి నవ్వొచ్చింది, చేదు మందు మింగినప్పుడు వచ్చే మొహంతో నవ్వాడు.

‘ఏమీ అనలేదు. ఎందుకు వెళ్లలేదని అడిగాను. అక్క చెప్పేసిందా అన్నాడు.’

ఆమె కళ్లు మూసుకుంది. పక్క కుర్చీలో ముసలాయన అటు తిరిగి కూర్చున్నాడు, పెద్దరికం తెలిసినవాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని కుర్చీ పక్కకి లాక్కుంది. ‘వాడు అడగలేదండీ, నేనే అలా చెప్పమన్నాను. రెండో విడత పరీక్షలకి ముందు రోజు, మీరు షాపులో ఉన్నప్పుడు, మన వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇస్తానక్కా, ఇస్తానక్కా అంటూనే వణికిపోతున్నాడు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి వాడికి. అంతలా వణికేవాడి దగ్గర ఎలా తీసుకోమంటారు చెప్పండి?’

‘నాకెందుకు చెప్పలేదు?’

‘చెబితే మీరు వాడి కాళ్లు పట్టుకునేవారు.’

నిజమే. పట్టుకునేవాడు. ఈ నిమిషం చెప్పినా పట్టుకుంటాడు, ఈ జనం మధ్య, మెడలో ఈ పతకంతో. ‘పట్టుకుంటే తప్పేంటి? నీకంటే ఎక్కువా నాకు నా పరువు?’ అన్నాడు.

‘మీరు పట్టుకుంటే వాడు ఇచ్చేసేవాడు. ఇచ్చాక వాడికేమైనా అయితే వాడి పెళ్లాం, పిల్ల మిమ్మల్ని వదలరు. ఇవ్వకపోతే మీరు వాణ్ణి వదలరు.’ కాసేపు ఊపిరి తీసుకుంది. ఎక్కువ మాట్లాడితే ఆయాసం. ‘నా తర్వాత మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదండీ. మీకింకెవరున్నారు?’

నా తర్వాత. పక్కింటికి వెళ్లొస్తాను, పాలు పొంగకుండా చూడండి అన్నంత మామూలుగా అంది. ఎప్పుడు కూర్చుని ఆలోచించుకుందో ఇదంతా, ఏ డయాలసిస్ మధ్యాహ్నం, తను ఎదురుగా స్టూలు మీద కూర్చుని అంకెలు చూస్తుంటే. అతని కోసం ఒక మనిషిని మిగిల్చి పోవాలని లెక్క వేసుకుంది. తనకి అక్కర్లేదు ఆ మనిషి. తనకి ఈమె కావాలి. ఆ మాటే అరిచి చెబుదామని నోరు తెరిచాడు, ఆమె చెయ్యి చల్లగా, వదులుగా అతని చేతిలో ఉంది, రేపు మళ్లీ సూదులు ఆ చేతికే, ఎల్లుండంతా ఆమె మంచం మీంచి లేవలేకపోతుంది, ఈ ఎండకే పెదవులు నల్లబడి ఉన్నాయి. తిట్టడానికి ఇక్కడ మనిషంటూ ఎంత మిగిలిందని.

చిన్నోడు టెంటు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రావడం లేదు, వెళ్లిపోవడం లేదు. ఎవరో వచ్చి వాడి భుజం తట్టి మైకు దగ్గరికి రమ్మంటున్నారు, తల అడ్డంగా ఊపుతున్నాడు. మొహం చూస్తే, మంచం కింద గోడకి కరుచుకుపోయినప్పటి మొహమే.

‘పిలవండి వాణ్ణి’ అంది ఆమె. ‘నేను పిలిస్తే ఇప్పుడు రాడు. మీరు పిలవండి.’

అతను కదల్లేదు. ‘ఏమండీ’ అంది మళ్లీ, చిన్నగా. ఆమె అతన్ని ఏదైనా అడిగి ఎన్నాళ్లయింది? నీళ్లు కూడా అడగదు. అతను చెయ్యెత్తాడు. ‘రారా, ఎండలో నిలబడ్డావేం, అక్క పిలుస్తోంది’ అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది, ఇంట్లో భోజనానికి పిలిచినట్టు. చిన్నోడు సైకిలు అక్కడే పడేసి, ఏడుస్తూ, తడబడుతూ వచ్చి అక్క మోకాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి, పైకి చూసి, అతన్ని చూసి నవ్వింది. అంతా సర్దుకుందనుకుంది. అతను కూడా నవ్వాడు. వాణ్ణి క్షమించలేదు, క్షమించడు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఆమెకి తెలియనివ్వడు, అంతే.